పొగ ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?

లక్షన్నర కిలోమీటర్లు దాటిన పెట్రోలు కారు పొగ వదులుతోందని ఒడిశాలోని కొరాపుట్, సిమిలిగూడ, జయపురం వైపు ఏ షెడ్డుకు తీసుకెళ్లినా, అనుభవమున్న మెకానిక్ బానెట్ ఎత్తకముందే ఒక మాట అడుగుతాడు: పొగ ఘాటీ (కొండదారి) ఎక్కేటప్పుడు వస్తోందా, దిగేటప్పుడా? తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా ప్రశ్న అదే. మైదానంలో బండి నడిపేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది కానీ, సగం రోగం ఈ జవాబులోనే తేలిపోతుంది.

లారీల ఊరుగా పేరున్న సాలూరు దాటాక రోడ్డు సుంకి, పొట్టంగి మీదుగా మెలికలు తిరుగుతూ దాదాపు 900 మీటర్ల ఎత్తున్న సిమిలిగూడ చేరుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి (1672 మీటర్లు) ఆ పక్కనే. ముసలి ఇంజిన్‌కు ఇంతకన్నా మంచి పరీక్షశాల దొరకదు. దగ్గర్లోని సునాబేడలో 1960ల నుంచి యుద్ధవిమానాల ఇంజిన్లు తయారుచేస్తున్న హెచ్‌ఏఎల్ కర్మాగారం ఉంది గానీ, వాళ్లు మన పాత కార్లను చూడరు కదా!

ముందు రంగు సంగతి. సైలెన్సర్ నుంచి వచ్చేది నీలిపొగ అయితే మండుతున్నది ఇంజిన్ ఆయిల్. సగం కాలి ఆవిరైన ఆయిల్ బయటి గాలికి చల్లబడి మైక్రాన్ కన్నా చిన్న తుంపరలవుతుంది. అంత సన్నని తుంపరలు వెలుతురులోని నీలాన్నే ఎక్కువగా చెదరగొడతాయి. నీటి తుంపరలు వాటికన్నా పెద్దవి, అన్ని రంగులనూ సమానంగా చెదరగొడతాయి కనుక తెల్లగా కనిపిస్తాయి. నల్లపొగ మసి, గాలికి మించి పెట్రోలు పడుతోందని అర్థం. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, సెన్సర్లు చూపిస్తే చాలు, ఇంజిన్ విప్పాలని కంగారు పడనక్కరలేదు.

ఇంజిన్ విప్పాలా వద్దా అన్న బెంగ పెట్టేది నీలిపొగే. ఆయిల్ దహన గదిలోకి వెళ్లడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి కింది నుంచి, పిస్టన్ రింగుల పక్కగా. రెండోది పై నుంచి, గాలిని రానిచ్చి పొగను పంపే వాల్వుల కాడల వెంబడి. పిస్టన్‌కు సాధారణంగా మూడు రింగులుంటాయి. పై రెండూ మంట ఒత్తిడిని కిందికి పోనీయవు, మూడోది సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి దింపుతుంది. ఘాటీ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ బాగా నొక్కి ఉంటుంది, సిలిండర్లో ఒత్తిడీ వేడీ పెరుగుతాయి. రింగులు అరిగితే మండిన వాయువులు కిందికి చొరబడతాయి, గీకకుండా మిగిలిన ఆయిల్ మంటలో కాలుతుంది. ఎక్కినంతసేపూ వెనక నీలిపొగ ఆగకుండా వస్తూనే ఉంటుంది.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే థ్రాటిల్ దాదాపు మూసుకుంటుంది, పిస్టన్లు మాత్రం జోరుగా పైకీ కిందికీ ఆడుతుంటాయి. ముక్కు మూసిన సిరంజి పిడిని వెనక్కి లాగినట్టే, లోపల ఒత్తిడి బయటి గాలిలో మూడో వంతుకు, ఒక్కోసారి ఇంకా దిగువకు పడిపోతుంది. వాల్వ్ కాడలకు తొడిగిన రబ్బరు సీళ్లు ఏళ్ల వేడికి గట్టిపడి బిగువు కోల్పోయి ఉంటే, ఈ లాగుడుకు పైనున్న ఆయిల్ లోపలికి జారి జమవుతుంది. దిగువన మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే అదంతా ఒక్కసారిగా మండి గుప్పున నీలిమేఘం లేస్తుంది, రెండు మలుపుల్లో మాయమవుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒకసారి నీలంగా వదిలి మానేసే కారుదీ సాధారణంగా ఇదే జబ్బు: రాత్రంతా ఆయిల్ బొట్టుబొట్టుగా దిగి వాల్వుల మీద కూర్చుంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పొగ వస్తుంటే మాత్రం ముందు రింగులనే అనుమానించాలి.

ఈ తేడా జేబుకు సంబంధించింది. అనుకూలమైన ఇంజిన్లలో వాల్వ్ సీళ్లను హెడ్ (సిలిండర్ల పైమూత) దించకుండానే మార్చవచ్చు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి కొట్టి, వాల్వులు కింద పడకుండా నిలిపి ఉంచుతారు. రింగులకైతే ఇంజిన్ విప్పాల్సిందే. కాబట్టి ‘బోరుకు వచ్చింది’ (సిలిండర్లు అరిగాయి, ఇంజిన్ విప్పాలి) అని తీర్పు చెప్పేవారిని కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి, కొలవమని అడగండి. రీడింగ్ తక్కువున్న సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో (హెడ్ కింది ప్యాకింగ్) ఉంటుంది. ఆయిల్ మూత తీసి చూస్తే గుప్పుగుప్పున పొగ కొట్టడాన్ని షెడ్లలో బ్యాక్ కంప్రెషన్ అంటారు. అదీ రింగుల గుర్తే, కానీ ఇంజిన్ అడుగున చేరిన వాయువులను బయటికి తీసే బ్రీదర్ దారిలోని పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా అలాగే కొడుతుంది. అది చవకైన భాగం. దాన్ని చూడకుండా ఇంజిన్ దించమనే మాటకు ఒప్పుకోకండి.

చలికాలం పొద్దున కొరాపుట్‌లో తెల్లపొగ వదలని కారు ఉండదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చల్లటి సైలెన్సర్లో అదే ఆవిరిగా కనిపించి, వేడెక్కగానే పోతుంది. వేడెక్కాక కూడా దట్టంగా, కాస్త తియ్యటి వాసనతో వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ కాలిందేమో చూడాలి. అలాంటి బండిని అసలు నడపకూడదు.

ఇక ఆయిల్ కారడం. నేల మీద మరక పడిన చోటుకు సరిగ్గా పైనే లీకు ఉందనుకోవడం పెద్ద పొరపాటు. ఆయిల్ బరువుకు కిందికీ, ప్రయాణంలో గాలికి వెనక్కీ పాకుతుంది. అందుకే తడి ఉన్నంతలో అన్నిటికన్నా పైన, ముందున ఉన్న చోటును వెతకాలి. టాపెట్ కవర్ (వాల్వుల పైమూత) ప్యాకింగ్ పోయిన ఇంజిన్లో ఆయిల్ వెనక గోడ వెంబడి జారి, ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య అతుకు దగ్గర బొట్లు కడుతుంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక ఆయిల్ సీలు పోయినా బొట్లు కట్టేది అక్కడే. మొదటిది చిన్న పని, రెండోదానికి గేర్‌బాక్స్ దించాలి. చల్లారిన ఇంజిన్‌ను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, అనుమానమున్న చోట టాల్కం పౌడరు చల్లి, కొద్ది దూరం నడిపి టార్చి వేయండి. తెల్లటి పొడిలో నల్లటి గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. కారిన ఆయిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద పడుతుంటే మాత్రం వాయిదా వేయకండి, నిప్పు అంటుకోవచ్చు.

డీజిల్ కార్లకు పై ఘాటీ లెక్క పూర్తిగా వర్తించదు. చాలా డీజిల్ ఇంజిన్లలో గాలిని థ్రాటిల్‌తో బిగించరు, కనుక దిగేటప్పుడు అంత లాగుడు ఉండదు. వాటిలో నీలిపొగ వస్తే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంపు) సీళ్లను కూడా చూడాలి.

చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గుతుందన్నది కొంత నిజమే. అరిగిన సందుల్లోంచి అది తక్కువగా జారుతుంది. కానీ చలి ఉదయాల్లో పైభాగానికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, రబ్బరు సీలును బాగుచేయదు. ఆయిల్ తాగే బండితో ఘాటీ ఎక్కే ముందు ఆయిల్ మట్టం చూపే గేజ్ పుల్ల తీసి చూడటం తప్పనిసరి. డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి ఆయిల్ లైటు చాలా కార్లలో మట్టాన్ని కాదు, ఒత్తిడిని చూపిస్తుంది. మట్టం తగ్గిన బండి వాలు మీద మలుపు తిరిగితే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లోని ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు గాలిని పీలుస్తుంది, బేరింగులు ఎండుతాయి. ఆ లైటు ఒక్క క్షణం మినుకుమన్నా పక్కకు తీసి ఇంజిన్ ఆపండి.