రెండున్నర గ్రాముల నాణెం

1990లో వచ్చిన ‘ఘోస్ట్’ సినిమా అనగానే చాలామందికి మట్టి కుండ చేసే సీను గుర్తొస్తుంది. నాకు మాత్రం తలుపు సీను. చనిపోయిన శామ్ (పాట్రిక్ స్వేజీ) తను ఇంకా ఇక్కడే ఉన్నానని మాలీని (డెమీ మూర్) నమ్మించాలి. అతని మాట వినబడేది ఓడా మే (వూపీ గోల్డ్‌బర్గ్) ఒక్కదానికే. ఆవిడ సోది చెప్పి జనాన్ని మోసం చేసి బతికే మనిషి కాబట్టి మాలీ తలుపు తీయదు. ఓడా మే ఒక సెంటు నాణేన్ని తలుపు కిందనుంచి లోపలికి తోస్తుంది. అది తలుపుని ఆనుకుని మెల్లగా పైకి పాకి, గాల్లో తేలుతూ వచ్చి మాలీ వేలి మీద వాలుతుంది.

ఆ నాణెం బరువు రెండున్నర గ్రాములు. అంతమాత్రం కదిలించడానికి శామ్ రైళ్లలో తిరిగే ఒక తిక్క దెయ్యం కాళ్లావేళ్లా పడి పాఠాలు నేర్చుకోవాల్సొచ్చింది. (గోడల్లోంచి దూరిపోయేవాడు నేలలోకి ఎందుకు దిగబడిపోడని మా తమ్ముడు అడిగాడు. నోరు మూసుకుని చూడమన్నాను.)

ఆ సినిమా నేను హైస్కూల్లో ఉండగా కేబుల్‌లో చూశాను. పక్కన అమ్మమ్మ. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అయినా కథ అంతా అర్థమైంది. ‘ఆ పిల్లకి వినబడట్లేదే పాపం’ అంటూ కూర్చుంది. తాతయ్య పోయి అప్పటికి ఏడాదిన్నర. సాయంత్రం ఆరింటికి గేటు గడియ చప్పుడైతే ఆవిడ ఇంకా లేచి కాఫీకి పాలు పెట్టేది. పెట్టాక గుర్తొచ్చి స్టవ్ కట్టేసేది. ఎవరితోనూ ఏమీ అనేది కాదు.

ఇది మా అమ్మమ్మ ఒక్కదాని సంగతే కాదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భర్తో భార్యో పోయిన 293 మందితో మాట్లాడి, 1971లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. దాదాపు సగం మంది పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టో, కనిపించినట్టో ఏదో ఒకటి అనిపించిందన్నారు. కొందరికి గొంతు కూడా వినిపించిందట. వాళ్లలో ఎక్కువమంది అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. అది పిచ్చి కాదు, దుఃఖంలో మామూలే అన్నాడు రీస్. 2008లో మేరీ ఫ్రాన్సెస్ ఓకానర్ బృందం తల్లినో అక్కచెల్లెళ్లనో పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఆ పోయినవాళ్ల ఫొటోలు చూపించి మెదడు స్కాన్ చేసింది. దుఃఖం నుంచి ఎంతకీ తేరుకోలేనివాళ్లలో, ఇష్టమైనది దొరుకుతుందని ఆశపడేటప్పుడు పనిచేసే భాగం కూడా చురుగ్గా కనిపించింది. కళ్లముందే పాడె లేచినా మెదడులో ఒక మూల ఇంకా గేటు వైపే చూస్తూ ఉంటుందన్నమాట.

ఎదురుచూపు సరే. తనకి ఏమీ దక్కదని తెలిసీ ఒకరికోసం నిలబడటం ఎక్కణ్ణుంచి వస్తుంది? 1964లో జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ వేసిన జన్యువుల లెక్క ప్రకారం, రక్తసంబంధం ఎంత దగ్గరైతే త్యాగం అంత గిట్టుబాటు. పిల్లల విషయంలో ఆ లెక్క బాగానే కుదురుతుంది. శామ్, మాలీలకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, మనిషే లేడు. ఇంక గిట్టుబాటెక్కడ?

నాకు ఇక్కడ పనికొచ్చింది మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బాట్సన్ ప్రయోగం. 1981లో కాన్సస్ యూనివర్సిటీలో అమ్మాయిల్ని ఒక్కొక్కరినీ టీవీ ముందు కూర్చోబెట్టారు. తెర మీద ఎలేన్ అనే అమ్మాయికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు కనిపిస్తుంది (నిజానికి అంతా నటన, ముందే తీసిన వీడియో). ఆమె బాధ చూడలేక మెలికలు తిరుగుతున్న సమయంలో అడుగుతారు: మిగతా షాకులు ఆమె బదులు మీరు తీసుకుంటారా? కొందరికి ఇష్టమైతే వెళ్లిపోవచ్చని ముందే చెప్పారు. అసలు కిటుకు అందులోనే ఉంది. మనం సాయం చేసేది మన టెన్షన్ తగ్గించుకోవడానికే అయితే, తలుపు తెరిచి ఉన్నప్పుడు లేచి వెళ్లిపోవడం తేలిక. అలా వెళ్లిపోయే వీలున్నవాళ్లలో, ఎలేన్ తమలాంటిది కాదనుకున్న 11 మందిలో 9 మంది అదే చేశారు. ఆమె అభిరుచులు తమలాంటివే అని నమ్మిన 11 మందిలో మాత్రం 10 మంది షాకులు మేం తీసుకుంటామన్నారు.

దీనిమీద గొడవ కూడా నడిచింది. ఎదుటి మనిషిలో మనల్ని మనం చూసుకుని సాయపడితే అది నిస్వార్థం ఎలా అవుతుందని రాబర్ట్ చాల్దీనీ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త వాదించాడు. వాదన గట్టిదే. అయినా షాకు తగిలేది ఎవరి ఒంటికి అని అడగాలనిపిస్తుంది నాకు.

శామ్‌కీ తలుపు తెరిచే ఉంది. చనిపోయిన రాత్రే పైనుంచి వెలుగు దిగింది, అతను మాలీ వైపు తిరిగాడు. కానీ అతనికి కనీసం ప్రేమ ఉంది. ఓడా మేకి ఏముంది? అతను భర్త కాదు, చుట్టం కాదు, రాత్రంతా పాటలు పాడి నిద్ర చెడగొట్టిన దెయ్యం. వూపీ గోల్డ్‌బర్గ్‌కి ఆ పాత్రకే ఆస్కార్ వచ్చింది. బ్యాంకు బయట చేతిలో నలభై లక్షల డాలర్ల చెక్కు పట్టుకుని నిలబడుతుంది ఆవిడ. అది విరాళాలు అడుగుతున్న నన్స్‌కి ఇచ్చెయ్యమంటాడు శామ్. తిడుతూ, గొణుగుతూ ఇస్తుంది గానీ, నన్ ఒక అంచు పట్టుకుని లాగుతున్నా రెండో అంచు వదలదు. మా అమ్మమ్మ ఆ సీనుకి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏడాదిన్నరలో ఆవిడ అలా నవ్వడం నేను చూసింది అప్పుడే.