పాత గేమ్ కన్సోల్‌కి ఇంటి వైఫై: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా షాపుకి "వైఫై చిప్ పోయింది" అంటూ తెచ్చే పాత పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360లలో చాలావాటికి రిపేరే అక్కర్లేదు. సెట్టు బాగానే ఉంటుంది. ఇంట్లో ఈ మధ్యే ఫైబర్ కనెక్షన్ పడి ఉంటుంది. దాంతో వచ్చిన రూటర్ ఇప్పటిది, కన్సోల్ పదిహేనేళ్ల కిందటిది. ఆ రెండూ కలవాలంటే రూటర్‌లో రెండు మూడు సెట్టింగులు మారిస్తే చాలు. అవి తెలియక కొందరు మంచి సెట్టును వచ్చిన రేటుకి అమ్మేస్తున్నారు, ఇంకొందరు అవసరం లేని ప్లాన్‌కి నెలనెలా డబ్బు కడుతున్నారు. కౌంటర్ దగ్గర తరచుగా వినే మాటలనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఫోన్‌లో మా వైఫై కనిపిస్తోంది, కన్సోల్‌లో కనిపించట్లేదు. కాబట్టి కన్సోల్‌దే తప్పు.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ మోడలో చూసుకోండి. పీఎస్2లో ఏ మోడల్‌కీ వైఫై లేదు. 2005లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ 360కి కూడా లోపల వైఫై ఉండదు, వెనక తగిలించే అడాప్టర్ విడిగా కొనాల్సిందే. 2010లో వచ్చిన 360 ఎస్ మోడల్ నుంచి లోపలే ఇచ్చారు. పీఎస్3లో మొట్టమొదటి 20 జీబీ మోడల్ తప్ప మిగతా అన్నిటికీ ఉంది. నింటెండో వీకి ఉంది.

లోపల వైఫై ఉన్న ఈ సెట్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే పాత వైఫై బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. 2013లో వచ్చిన మొదటి పీఎస్4 కూడా అంతే, 5 గిగాహెర్ట్జ్ దానికి కనబడదు. ఫోన్‌కి రెండూ కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లకి ఈ తేడా తెలియదు. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన అబ్బాయి స్పీడ్ టెస్ట్ బాగా చూపించాలని 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్ చేసి వెళ్లిన ఇళ్లు కూడా చూశాను. కొన్ని రూటర్లలో రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి, ఏ పరికరాన్ని ఎటు పంపాలో రూటరే నిర్ణయించే ఆప్షన్ ఉంటుంది. కొత్త ఫోన్లకి అది హాయిగా ఉంటుంది కానీ పాత కన్సోల్ దగ్గర ఒకసారి కలిసి ఒకసారి తెగుతుంది. ఆ ఆప్షన్ ఆపేసి, 2.4కి వేరే పేరు పెట్టండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో సాదాగా ఉండాలి. తెలుగులో పేరు, మధ్యలో ఎమోజీ పెట్టుకున్నవాళ్లున్నారు. పాత కన్సోల్ వాటిని చదవలేదు.

రూటర్ పేజీ తెరవడం పెద్ద పనేం కాదు. పెట్టె కింద స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అడ్రస్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. 2.4 సెట్టింగుల్లో మోడ్ "ఎన్ ఓన్లీ" అనో "ఏఎక్స్ ఓన్లీ" అనో ఉంటే బీ, జీ, ఎన్ (ఇవి వైఫై తరాల పేర్లు) మూడూ కలిసిన మిక్స్‌డ్‌కి మార్చండి. పీఎస్3కి, వీకి బీ, జీ మాత్రమే తెలుసు. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు.

ఇంకొకటి, ఎవరూ చూడని సంగతి. మన దేశంలో 2.4లో 13 ఛానెళ్ల దాకా వాడుకోవచ్చు. అమెరికా మార్కెట్ కోసం తయారైన చాలా పరికరాలు 11 దాకానే చూస్తాయి. రూటర్ ఆటోలో ఉండి 12కో 13కో వెళ్లిందంటే అమెరికా నుంచి వచ్చిన కన్సోల్‌కి ఆ నెట్‌వర్క్ ఉన్నట్టే తెలియదు. మర్నాడు రూటర్ ఇంకో ఛానెల్‌కి మారితే మళ్లీ కనిపిస్తుంది. "అన్నా, ఒక దినం వస్తది, ఒక దినం రాది" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది సెట్టు ఎక్కడిదని. ఛానెల్‌ని 1, 6, 11లలో ఒకదానికి ఫిక్స్ చేస్తే సరిపోతుంది. పనిలో పని, అమెరికా నుంచి అన్నో బావో పంపిన ఎక్స్‌బాక్స్ 360ని మన ప్లగ్గులో పెట్టే ముందు దాని పవర్ బ్రిక్ మీద రాసింది చదవండి. అక్కడి బ్రిక్ 110 వోల్టులదే, మన 230కి కాలిపోవచ్చు. జగిత్యాల, కోరుట్ల వైపు దుబాయ్ నుంచి వచ్చే సెట్లకి ఈ టెన్షన్ లేదు, అక్కడి కరెంటూ మనలాంటిదే.

అపోహ: పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా తీసుకోవట్లేదు. పాస్‌వర్డ్ తీసేసి ఓపెన్‌గా పెడితే పోలే!

ఓపెన్‌గా పెడితే కనెక్ట్ అవుతుంది, నిజమే. పక్కింటివాళ్లూ అవుతారు. ఆ నెట్‌వర్క్ మీదే మీ ఫోన్‌పేలు, బ్యాంకు పనులు నడుస్తుంటాయని మరిచిపోకండి.

అసలు కారణం సాధారణంగా సెక్యూరిటీ రకం. కొత్త రూటర్లలో డబ్ల్యూపీఏ3 వచ్చింది. పీఎస్3, 360 ఎస్, వీ మూడూ డబ్ల్యూపీఏ2 దగ్గర ఆగిపోయాయి. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంచుకుని ఉంటే పాస్‌వర్డ్ ఎంత కరెక్ట్‌గా కొట్టినా పని జరగదు. పైగా కన్సోల్ "సెక్యూరిటీ కుదరలేదు" అని చెప్పదు, ఏదో నంబర్ ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. 2.4 నెట్‌వర్క్‌ని డబ్ల్యూపీఏ2 పర్సనల్, ఏఈఎస్‌కి మార్చండి. కొన్ని రూటర్లలో పీఎంఎఫ్ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది "తప్పనిసరి" అని ఉంటే "ఆప్షనల్" చేయండి. ఇంటి నెట్‌వర్క్ జోలికి పోవడం ఇష్టం లేకపోతే గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిచి దాన్ని 2.4లో, డబ్ల్యూపీఏ2లో పెట్టి కన్సోల్‌ని దానికే వదిలేయండి. నా ఇష్టం ఇదే.

చేతిలో పట్టుకుని ఆడేవాటితో చిక్కు ఇంకా ఎక్కువ. నింటెండో డీఎస్, డీఎస్ లైట్‌లకి వెప్ అనే పాత తాళం ఒక్కటే తెలుసు. ఆ తాళం లోపాలు 2001లోనే బయటపడ్డాయి, ఇప్పుడు నిమిషాల్లో విప్పేయొచ్చు. పీఎస్‌పీ మొదటి డబ్ల్యూపీఏ దాకా వచ్చింది, డబ్ల్యూపీఏ2 రాదు. పిల్లలు అడిగారని ఇంటి మొత్తానికీ వెప్ పెట్టమనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: డీఎస్, వీ ఆన్‌లైన్ సర్వీసుని నింటెండో 2014 మే 20న ఆపేసింది. పీఎస్‌పీ మీద కొనడాన్ని సోనీ 2021 జులైలో ఆపేసింది. అవతల ఎవరూ లేని తలుపు కోసం ఇవతలి గోడ కూల్చుకోవడం ఎందుకు?

అపోహ: మూడు వందల రూపాయల యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెడితే ఏ కన్సోల్‌కైనా వైఫై వస్తుంది.

రాదు. డాంగిల్‌కి డ్రైవర్ కావాలి, కన్సోల్‌లో అది ఉండదు. పాత 360కి మైక్రోసాఫ్ట్ సొంత అడాప్టర్ తప్ప వేరేది పట్టదు. అది సెకండ్ హ్యాండ్‌లో దొరికినా ధర చూస్తే కడుపు మండుతుంది.

దానికన్నా చాలా మంచి దారి ఉంది. ల్యాన్ పోర్టు ఉన్న చిన్న వైఫై రిపీటర్ తీసుకోండి. వెయ్యి, రెండు వేల మధ్యలో వస్తుంది. దాన్ని టీవీ పక్క ప్లగ్గులో పెట్టి, ఫోన్‌తో ఇంటి వైఫైకి కలిపి, దాని ల్యాన్ పోర్టు నుంచి కన్సోల్‌కి ఒక చిన్న కేబుల్ వేయండి. రూటర్‌తో మాట్లాడే పని రిపీటర్ చూసుకుంటుంది, కన్సోల్ మాత్రం తనకి వైరు వచ్చిందనే అనుకుంటుంది. ల్యాన్ పోర్టు ఉంటే చాలు, కన్సోల్ ఎంత పాతదైనా ఫరక్ పడదు. రిపీటర్‌కి డబ్ల్యూపీఏ3 వస్తే ఇంటి నెట్‌వర్క్‌ని కూడా అలాగే ఉంచుకోవచ్చు. 2004 నాటి సన్న పీఎస్2కి వెనక ల్యాన్ పోర్టు ఉంది, దానికీ ఇది పనిచేస్తుంది. లావు పీఎస్2కి మాత్రం నెట్‌వర్క్ అడాప్టర్ విడిగా ఉండాలి. మట్టెవాడ, గిర్మాజీపేట వైపు మందం గోడల పాత ఇళ్లలో రూటర్ ముందు గదిలో, టీవీ వెనక గదిలో, మధ్యలో ఇనుప బీరువా ఉంటే, లోపల వైఫై ఉన్న పీఎస్3కి కూడా ఈ పద్ధతే మేలు. రిపీటర్‌ని సిగ్నల్ అందే చోట పెట్టి కేబుల్‌ని పొడుగ్గా లాక్కోవచ్చు.

డబ్బు పెట్టకుండా ముందు చూద్దామంటే విండోస్ ల్యాప్‌టాప్ చాలు. వైఫై కనెక్షన్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌కి వెళ్లి ల్యాన్ పోర్టుకి పంచమని టిక్ పెట్టండి. కన్సోల్‌కి 192.168.137తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే పని అయినట్టే. ఫోన్ హాట్‌స్పాట్ కూడా పరీక్షకి పనికొస్తుంది. ఆండ్రాయిడ్‌లో బ్యాండ్ 2.4, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఎంచుకోవాలి. ఐఫోన్ 12, ఆ తర్వాతవాటిలో "మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయాలి. హాట్‌స్పాట్‌కి కలిసి ఇంటి వైఫైకి కలవకపోతే సెట్టు విప్పే పనే లేదు.

అపోహ: ప్లాన్ 300 ఎంబీపీఎస్‌కి పెంచితే గేమ్ ఆగకుండా నడుస్తుంది.

పీఎస్3 వైఫై కాగితం మీద 54 ఎంబీపీఎస్, ఇంట్లో నిజంగా వచ్చేది ఇరవై చుట్టుపక్కల. మీరు 300 తీసుకున్నా, 1000 తీసుకున్నా దానికి చేరేది అంతే. ఆనాటి గేములు ఆడేటప్పుడు వాడే డేటా కూడా చాలా తక్కువ. ఆట ఆగి ఆగి నడవడానికి కారణం స్పీడ్ కాదు, ప్యాకెట్లు ఆలస్యంగా, ఒక్కోసారి ఒక్కోలా రావడం. 2.4లో అపార్ట్‌మెంట్ రూటర్లన్నీ ఉంటాయి, బ్లూటూత్ ఉంటుంది, మైక్రోవేవ్ ఉంటుంది. ప్లాన్‌కి పెట్టే అదనపు డబ్బుని కేబుల్‌కి పెట్టండి. పీఎస్3 ల్యాన్ పోర్టు గిగాబిట్‌ది, 360ది 100 ఎంబీపీఎస్. డీఎన్ఎస్ మార్చితే పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం) తగ్గుతుందన్నదీ ఇలాంటి మాటే. డీఎన్ఎస్ పేరుని అడ్రస్‌గా మార్చి పక్కకి తప్పుకుంటుంది, ఆట మధ్యలో దానికి పనిలేదు.

అపోహ: పోర్టులు తెరిస్తే నాట్ ఓపెన్ అవుతుంది.

నాట్ అంటే ఇంట్లోని పరికరాలన్నీ బయటికి ఒకే అడ్రస్‌తో వెళ్లేలా రూటర్ చేసే పని. కన్సోల్ నాట్ రకం పీఎస్3లో టైప్ 3 అనో, ఎక్స్‌బాక్స్‌లో స్ట్రిక్ట్ అనో చూపిస్తే అందరూ 3074 పోర్టు ఫార్వర్డ్ చేయమంటారు. అంతకన్నా ముందు రూటర్ పేజీలో వాన్ ఐపీ (రూటర్ బయటి వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపల మొదలైతే మీరు ఆపరేటర్ నాట్ వెనక ఉన్నారు. అంటే ఎందరో కస్టమర్లకి కలిపి బయటికి ఒకటే అడ్రస్. మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా వృథా. పబ్లిక్ ఐపీ కావాలని ఆపరేటర్‌ని అడగాలి, కొందరు అదనంగా డబ్బు తీసుకుని ఇస్తారు. ఐపీవీ6 ఉంది కదా అంటారు, ఈ కన్సోళ్లకి ఐపీవీ4 తప్ప రాదు.

వాన్ ఐపీ 192.168తో మొదలైతే అది వేరే కథ. ఆపరేటర్ పెట్టె ఒకటి, దాని వెనక మీరు కొన్న రూటర్ ఒకటి, రెండూ నాట్ చేస్తున్నాయి. మీదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, మొదటి పెట్టెలో యూపీఎన్‌పీ (కన్సోల్ అడిగితే పోర్టుని రూటరే తెరిచే ఆప్షన్) ఆన్ చేస్తే చాలాసార్లు టైప్ 2కి వస్తుంది. ఆడటానికి టైప్ 2 చాలు, టైప్ 1 కోసం తంటాలు పడకండి.

అపోహ: సైన్ ఇన్ అవ్వట్లేదంటే వైఫై సరిగ్గా లేదు.

కనెక్షన్ టెస్ట్‌లో ఐపీ అడ్రస్ వచ్చి, ఇంటర్నెట్ దగ్గర సక్సెస్ అని పడితే వైఫై గురించి మర్చిపోండి. పీఎస్3లో ముందు తేదీ చూడండి. లోపలి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతుంది, తేదీ తప్పైతే సర్వర్ సర్టిఫికెట్‌ని సెట్టు నమ్మదు. అది వాచీల షాపులో కూడా దొరికే బిళ్ల, మార్చడానికి మాత్రం సెట్టు విప్పాలి. తర్వాత సిస్టమ్ సాఫ్ట్‌వేర్. నెట్ ద్వారా అప్‌డేట్ మధ్యలో తెగిపోతుంటే కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌తో ఎక్కించండి. ఫైల్ 200 ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండాలి. దానిలో పీఎస్3 అనే ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అనే ఫోల్డర్ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో చేసి ఫైల్‌ని అందులో వేయాలి.

మూడోది ఈ మధ్య ఎక్కువైంది. ప్లేస్టేషన్ అకౌంట్‌కి రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్లు పీఎస్3లో మామూలు పాస్‌వర్డ్ కొడితే తప్పంటుంది. కోడ్ అడిగే స్క్రీన్ ఆ కాలంలో లేదు. సోనీ వెబ్‌సైట్‌లో అకౌంట్ సెక్యూరిటీ కింద "డివైస్ సెటప్ పాస్‌వర్డ్" తీసుకుని దాన్ని కొట్టాలి. పాపం, దీనికోసం రూటర్ మార్చినవాళ్లు కూడా ఉన్నారు.

అపోహ: నెట్ వస్తే పాత గేములన్నీ ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చు, కొనుక్కోవచ్చు.

కన్సోల్ నెట్‌కి కలవడం ఒకటి, ఆ గేమ్ సర్వర్ బతికి ఉండటం ఇంకొకటి. సర్వర్ ఉంచాలా వద్దా అన్నది చాలా గేముల్లో ఆ గేమ్ కంపెనీ చేతిలో ఉంటుంది, చాలావాటికి ఎప్పుడో తీసేశారు. వీ షాప్ 2019 జనవరి 30న మూతపడింది. 360 స్టోర్ 2024 జులై 29న మూతపడింది, అయితే అంతకుముందు కొన్నవి మళ్లీ దించుకోవచ్చు, సర్వర్ ఉన్న గేములు ఆడుకోవచ్చు. పీఎస్3 స్టోర్‌ని 2021లో మూసేస్తామని చెప్పిన సోనీ, జనం గోల చేసేసరికి వెనక్కి తగ్గింది. కానీ అదే ఏడాది అక్టోబర్ నుంచి పీఎస్3 మీద కార్డుతో కొనడం ఆపేసింది. వాలెట్‌లో ముందే డబ్బు వేసుకుని ఉండాలి. సెకండ్ హ్యాండ్ సెట్టు కొనేవాళ్లు ఫలానా గేమ్ ఆన్‌లైన్ నడుస్తోందో లేదో అమ్మేవాడిని అడక్కండి, వాడు నడుస్తుందనే అంటాడు. గేమ్ పేరుతో సర్వర్ సంగతి మీరే వెతికి చూసుకోండి.

ఆన్‌లైన్ ఆట లేకపోయినా పీఎస్3నీ 360నీ ఇంటి నెట్‌వర్క్‌లో పెట్టడానికి ఒక మంచి కారణం ఉంది. రెండూ డీఎల్ఎన్ఏ పద్ధతిలో కంప్యూటర్‌లో ఉన్న వీడియోలు, పాటలు, ఫొటోలు టీవీలో చూపిస్తాయి. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, రూటర్‌కి కరెంటుంటే చాలు. కాకపోతే పైన చెప్పిన గెస్ట్ నెట్‌వర్క్‌లో కన్సోల్ ఉంటే కంప్యూటర్ దానికి కనిపించదు. ఇది కావాలనుకునేవాళ్లు ఇంటి నెట్‌వర్క్‌నే 2.4లో డబ్ల్యూపీఏ2కి మార్చుకోవాలి, లేదా రిపీటర్ కేబుల్ దారి పట్టాలి.