తల్లి లేని గొర్రెపిల్లకు సీసా పాలు: అపోహలు - వాస్తవాలు

గొర్రెలు ఈనే కాలం వచ్చిందంటే మా ఇంట్లో ఒక మూల గోనెసంచులు పరిచి, పాలపీక బిగించిన సీసా కడిగి పెట్టుకుంటాం. తల్లి చచ్చిన పిల్ల, తల్లి దగ్గరికి రానివ్వని పిల్ల, అన్నీ అక్కడికే చేరతాయి. చుట్టుపక్కల మందలవాళ్లు కూడా తెచ్చిస్తారు. కొన్ని నా దగ్గరికి వచ్చేసరికే చేయి దాటిపోయి ఉంటాయి. పాలు దొరక్క కాదు, ఏది ముందు చేయాలో తెలియక.

అపోహ: మాయ పడేదాకా ముర్రుపాలు తాగించకూడదు.

వాస్తవం: ఈ మాట వల్ల పోయిన పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. గొర్రెపిల్లకు అలా అందదు, అంతా ముర్రుపాల నుంచే రావాలి. పిల్ల పేగులు దాన్ని రక్తంలోకి తీసుకోగలిగేది మొదటి 24 గంటలే, అదీ గంటగంటకూ తగ్గిపోతుంది. అందుకే పుట్టిన రెండు గంటల్లోపు కిలో బరువుకు 50 మి.లీ. చొప్పున పట్టాలి. మూడు కిలోల పిల్లకు 150 మి.లీ. అన్నమాట. మొదటి రోజు మొత్తం మీద కిలోకు 200 మి.లీ. అందేలా చూడాలి. తల్లి బతికే ఉంటే, పిల్ల పొదుగు కుడవడం మాయ పడడానికి కూడా సాయపడుతుంది.

తల్లి లేకపోతే ఆ రోజే ఈనిన ఇంకో గొర్రెవో మేకవో పిండండి, అవీ లేకపోతే ఆవువి. బాగా పాలున్న గొర్రె ఈనినప్పుడు నేను కొన్ని ముర్రుపాలు చిన్న సీసాల్లో ఫ్రీజర్‌లో దాస్తాను. వాడేటప్పుడు సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి కరిగించాలి, పొయ్యి మీద పెట్టకూడదు. కాస్తే జున్నయిపోతాయని మనందరికీ తెలిసిందే. రోగాన్ని ఆపే గుణం కూడా ఆ వేడికే పోతుంది.

అపోహ: ఒళ్లు చల్లబడిన పిల్లకు వేడి పాలు పోస్తే లేస్తుంది.

వాస్తవం: ముందు ఒంటికి వేడి, తర్వాతే పాలు. నోట్లో వేలు పెట్టి చూడండి. లోపల చల్లగా ఉండి, వేలు చప్పరించకపోతే అది మింగలేదు. పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు తుడిచి ఆరబెట్టి, వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. థర్మామీటర్‌లో 37 డిగ్రీల సెల్సియస్ దాటాకే పాలు పట్టండి. మామూలుగా ఉండాల్సింది 39 నుంచి 40. పుట్టి ఐదు గంటలు దాటి, తల కూడా ఎత్తలేకపోతుంటే మాత్రం వేడి చేయకముందే డాక్టరు గ్లూకోజు ఇవ్వాలి. వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి.

అపోహ: పసిబిడ్డలా ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పట్టాలి.

వాస్తవం: అలా పడితే పొలమారుతుంది. పిల్ల నాలుగు కాళ్ల మీద నిలబడి, పొదుగు కుడిచినట్టు మెడ చాచి తాగాలి. గొంతులో గొట్టంతో పోయకండి.

అపోహ: బర్రెపాలు అరగవు, నీళ్లు కలపాలి.

వాస్తవం: గొర్రెపాలూ దాదాపు బర్రెపాలంత చిక్కగానే ఉంటాయి. నీళ్లు కలిపితే పిల్ల నీరసిస్తుంది.

అపోహ: అరుస్తోందంటే ఆకలే.

వాస్తవం: చలికీ అరుస్తుంది, ఒంటరిగా ఉన్నా అరుస్తుంది. మొదటి వారం మూడు కిలోల పిల్లకు రోజుకు అరలీటరు, ఐదారు సార్లుగా చాలు. జాలిపడి ఒకేసారి ఎక్కువ పడితే కడుపుబ్బి చచ్చిపోతుంది. తోడుగా ఇంకో పిల్లను ఉంచితే సగం అరుపులు ఆగుతాయి. మగపిల్లకైతే ఈ తోడు మరీ అవసరం. మనుషుల మధ్యే పెరిగిన పొట్టేలుకు మనమంటే భయం ఉండదు, కొమ్ములొచ్చాక ఇంట్లో చిన్నపిల్లల్ని, ముసలివాళ్లని కుమ్ముతుంది. ఎంత ముద్దొచ్చినా దాని నుదుటి మీద చేయి వేసి ఆడించకండి.