వెనక గదికి దారేది?

రౌటర్ పక్కన కూర్చుంటే సినిమా నీళ్లలా పారుతుంది. అదే ఫోను పట్టుకుని వెనక గదిలోకి వెళితే తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది. ఇలాంటప్పుడు చాలామంది ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకుని, ఇంకాస్త పెద్ద ప్లాన్ తీసుకుంటారు. గుమ్మం దాకా నీళ్లు బాగానే వస్తుంటే వీధిలో పైపు మార్పించి ఏం లాభం? అసలు చిక్కు గుమ్మం నుంచి వెనక గది వరకూ ఉన్న ఆ పది పదిహేను మీటర్లలోనే ఉంది. ఆ దూరం దాటించడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి: గాలి, కొత్తగా వేసే తీగ, గోడలో ఇప్పటికే ఉన్న కరెంటు తీగ.

ముందుగా గాలి సంగతి. వై-ఫై సంకేత బలం చూపించే యాప్ ఒకటి ఫోనులో పెట్టుకుని ఇల్లంతా తిరిగి చూడండి. రౌటర్ ఉన్న గదిలో మైనస్ 45 డీబీఎం (సంకేత బలాన్ని కొలిచే ప్రమాణం) చూపించిన అంకె, రెండు గోడలు దాటేసరికి మైనస్ 75కి జారిపోవచ్చు. ముప్పయ్యే కదా తగ్గింది అనిపిస్తుంది. కానీ ఇది లాగరిథమ్ కొలత. పది తగ్గిన ప్రతిసారీ బలం పదో వంతుకు పడిపోతుంది కనుక ముప్పై తగ్గితే మిగిలేది వెయ్యో వంతు. రౌటర్ 100 మిల్లీవాట్లు వెదజల్లుతోందనుకుంటే, మైనస్ 75 దగ్గర ఫోనుకు అందేది అందులో సుమారు మూడు వందల కోట్లవ వంతు. అంత సన్నని గుసగుసలోంచి ఫోను బొమ్మనీ మాటనీ ఏరుకుంటోంది. అందుకే వై-ఫై నెమ్మదించినప్పుడు నాకు కోపం కన్నా, అసలు పనిచేస్తున్నందుకు ఆశ్చర్యమే ఎక్కువ.

వై-ఫైకి బాగా అలవాటైన పౌనఃపున్యాలు రెండు: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. కొత్త పరికరాల్లో 6 గిగాహెర్ట్జ్ కూడా చేరింది. 2.4 తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 తరంగానిది 6 సెంటీమీటర్లు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడ మింగేసే వాటా కూడా సాధారణంగా పెరుగుతుంది. పలుచని చెక్క తలుపును తరంగం పెద్దగా పట్టించుకోదు. ఇనుప చువ్వలున్న కాంక్రీటు గోడ దగ్గర మాత్రం చతికిలబడుతుంది. వెనక లోహపు పూత ఉండటంతో నిలువెత్తు అద్దం కూడా గోడకు తీసిపోదు. చేపల తొట్టి నీళ్లు తరంగాన్ని పీల్చేసుకుంటాయి. అలాగని గోడను శత్రువుగానే చూడనక్కర్లేదు. మీ 5 గిగాహెర్ట్జ్‌ను బయటికి పోనివ్వని గోడే, పక్కింటి 5 గిగాహెర్ట్జ్‌ను లోపలికి రానివ్వదు. 2.4 గోడలు దాటి దూరం పోతుంది కాబట్టే అక్కడ రద్దీ. ఆ పౌనఃపున్యాల పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడే చానళ్లు మామూలుగా మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇరవై రౌటర్లు ఉంటే ఆ మూడింటినే పంచుకోవాలి. పైగా వంటింట్లోని మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. దాని తలుపు సందుల్లోంచి జారేది మనిషికి హాని చేయనంత కొంచెమే. మూడు వందల కోట్లవ వంతు కోసం చెవులు రిక్కించిన ఫోనుకు మాత్రం అది పెద్ద హోరు.

బలం ఒక్కటే కాదు, వంతుల సమస్య కూడా ఉంది. 1971లో హవాయి దీవుల్లో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహానెట్, రేడియోతో కంప్యూటర్లను కలిపిన తొలి వ్యవస్థల్లో ఒకటి. అందులో ఎవరికి తోచినప్పుడు వారు మాట్లాడటమే పద్ధతి. ఇద్దరి మాటలు ఢీకొంటే ఇద్దరూ కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తారు. లెక్క కడితే ఆ పద్ధతిలో చానల్ సామర్థ్యంలో అత్యధికంగా వాడుకోగలిగేది 18 శాతమే. వై-ఫై ఇంకొంచెం మర్యాద నేర్చింది. ముందు వింటుంది, ఎవరూ మాట్లాడటం లేదని తేలాకే నోరు విప్పుతుంది. ప్రతి పలుకుకీ అవతలి నుంచి ‘అందింది’ అనే జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఈ వినడాలు, ఆగడాలు, జవాబులు అన్నీ కాలాన్ని తింటాయి. పెట్టె మీద సెకనుకు 866 మెగాబిట్లని అచ్చు వేసినా, చేతికొచ్చేది చాలావరకు సగం నుంచి మూడింట రెండు వంతులే.

ఇందులో మరో తిరకాసుంది. రౌటర్ దగ్గర పరికరాలన్నీ పంచుకోవాల్సింది ప్రధానంగా గాలిలో మాట్లాడే సమయాన్ని. దూరంగా ఉన్న పాత ఫోను ఒకటి సంకేతం సరిగా అందక నింపాదిగా మాట్లాడుతోందనుకోండి. అంతే సమాచారానికి అది పది రెట్లు ఎక్కువసేపు గాలిని పట్టుకుని ఉంటుంది. అంతసేపూ రౌటర్ పక్కనే ఉన్న ఖరీదైన ల్యాప్‌టాప్ కూడా వరుసలో నిలబడాల్సిందే.

మధ్యలో రిపీటర్ పెడితే సరిపోతుందా అంటే, అదీ ఇదే వంతుల్లో ఇరుక్కుంటుంది. ఒకే చానల్‌లో విన్నదాన్ని మళ్లీ చెప్పాలి కనుక వేగం దాదాపు సగమవుతుంది. పైగా చాలామంది దాన్ని సంకేతం చచ్చిపోయిన గదిలోనే పెడతారు. తనకే వినపడనిది అది ఇంకొకరికి ఏం చెబుతుంది? సంకేతం ఇంకా బాగున్న చోట, సగం దారిలో పెట్టాలి. మెష్ పరికరాల్లో, అంటే ఇల్లంతా ఒకే వై-ఫైగా పనిచేసేలా జట్టుగా అమ్మే పెట్టెల్లో, కొన్నింటికి తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే రేడియో ఉంటుంది. కొనేవారు ముందు అడగాల్సింది అదే.

ఇక గోడలోని దారి. నాకు వీటన్నింటిలోకీ ముచ్చటగా అనిపించేది ఇదే. పవర్‌లైన్ అడాప్టర్లు జతగా వస్తాయి. ఒకటి రౌటర్ దగ్గరి సాకెట్‌లో, రెండోది వెనక గది సాకెట్‌లో పెడితే కరెంటు తీగే నెట్‌వర్క్ తీగ అవుతుంది. కరెంటు సెకనుకు 50 లేదా 60 సార్లు ఊగుతుంటే, ఈ సంకేతం సెకనుకు సుమారు ఇరవై లక్షల సార్ల నుంచి మూడు కోట్ల సార్ల వరకూ, కొత్తవాటిలో అంతకు మించి కూడా ఊగుతుంది. ఈ రెండింటినీ వేరు చేసేది ఒక చిన్న కెపాసిటర్. 10 నానోఫ్యారడ్ల కెపాసిటర్‌ను తీసుకుంటే, 50 హెర్ట్జ్ దగ్గర అది సుమారు మూడు లక్షల పద్దెనిమిది వేల ఓమ్‌ల అడ్డు. అదే కెపాసిటర్ 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర ఓమ్‌ల పైచిలుకు మాత్రమే. కరెంటుకు మూసిన తలుపు, సంకేతానికి బార్లా తెరిచిన తలుపు.

అయితే ఆ తీగను వేసినవారు ఫ్యాను తిరగాలని వేశారు, సినిమాలు మోయాలని కాదు. అది బోర్డు దగ్గర చీలుతుంది, ప్రతి గదిలో కొమ్మలు వేస్తుంది, వాడని సాకెట్ దగ్గర మొండిగా ఆగిపోతుంది. 20 మెగాహెర్ట్జ్ సంకేతం తీగలో సుమారు పది మీటర్ల పొడవుంటుంది. అందులో పావు వంతు, అంటే రెండున్నర మీటర్ల మొండి కొమ్మ ఎక్కడైనా తగిలితే, దాని కొసన తాకి వెనక్కొచ్చిన తరంగం అసలు తరంగాన్ని కొట్టేస్తుంది. ఆ పౌనఃపున్యం దగ్గర గొయ్యి పడుతుంది. వేరే పొడవున్న కొమ్మ వేరే చోట గొయ్యి తవ్వుతుంది. గోతుల మధ్య దారి వెతకడమే ఈ అడాప్టర్ల పని. 2005లో వచ్చిన హోమ్‌ప్లగ్ ఏవీ అనే పవర్‌లైన్ ప్రమాణం, సంకేతం వాడుకునే పౌనఃపున్యాల పట్టీని వెయ్యికి పైగా సన్నని పాయలుగా చీల్చింది. ఏ పాయ శుభ్రంగా ఉంటే దాని మీద ఎక్కువ బిట్లు, మురికిగా ఉంటే తక్కువ, గొయ్యి ఉంటే సున్నా.

ఇంకా చోద్యం ఏమిటంటే తీగలోని రొద కూడా కరెంటు తాళానికే ఆడుతుంది. చార్జర్లు, దీపాల డిమ్మర్లు ప్రతి అలలో ఒకే చోట గోల చేస్తాయి. అందుకే అడాప్టర్లు కూడా కరెంటు అలతో లయ కలిపి, అల ఏ భాగంలో ఉందో చూసి బిట్ల పంపకం మార్చుకుంటాయి. మిక్సీ తిరిగేటప్పుడు వేగం పడిపోయి, ఆగగానే లేచిందంటే ఈ పంపకం మారిందని అర్థం.

దీన్ని వాడేవారు చేసే పెద్ద పొరపాటు ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టడం. సర్జ్ రక్షణ ఉన్న బోర్డులో అధిక పౌనఃపున్యాలను అణచే భాగాలుంటాయి. మనకు కావలసిన సంకేతం వాటి దృష్టిలో చెత్తే. అడాప్టర్ నేరుగా గోడ సాకెట్‌లోనే ఉండాలి. ఇంకొకటి: కొన్ని అడాప్టర్ల పెట్టె మీద 600 మెగాబిట్లని ఉంటుంది, నెట్‌వర్క్ తీగ గుచ్చే దాని ఈథర్నెట్ రంధ్రం మాత్రం 100కి మించి పోనివ్వదు. దీన్ని మోసమనాలా, చమత్కారమనాలా తేల్చుకోలేకపోతున్నాను. సంకేతం పక్కింటి తీగల్లోకి కూడా పాకవచ్చు, కాబట్టి కొన్న రోజే రెండింటినీ జత చేసే బొత్తాం నొక్కి కొత్త తాళం (పాస్‌వర్డ్ లాంటి రహస్య సంకేతం) వేసుకోవాలి. లేకపోతే ఫ్యాక్టరీలో పెట్టిన ఉమ్మడి తాళమే ఉండిపోతుంది.

మూడో దారి, కొత్త తీగ, గురించి చెప్పాల్సింది తక్కువ, ఎందుకంటే దానితో గొడవలూ తక్కువే. ఈథర్నెట్ తీగలో ఎనిమిది రాగి పోగులు నాలుగు జతలుగా మెలిపడి ఉంటాయి. ఆ మెలిక వల్ల బయటి రొద రెండు పోగుల మీదా ఒకేలా పడి, తేడా తీసేసరికి రద్దవుతుంది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో టెలిఫోను తీగల కోసం పేటెంట్ తీసుకున్న ఉపాయమిది. క్యాట్ 5ఈ రకం తీగ 100 మీటర్ల వరకూ సెకనుకు ఒక గిగాబిట్ మోస్తుంది, అదీ రెండు వైపులా ఒకేసారి, ఎవరి వంతు కోసమూ ఆగకుండా. గోడకు రంధ్రం చేసే వీలుంటే నా ఓటు దీనికే. టీవీ కోసం వేసిన కోయాక్సియల్ కేబుల్ గదిగదికీ ఉంటే ఆ కేబుల్ మీద నెట్‌వర్క్ నడిపే మోకా అడాప్టర్లతో దాన్నీ వాడుకోవచ్చు. చుట్టూ లోహపు అల్లిక ఉండటంతో అది కరెంటు తీగ కన్నా ఎన్నో రెట్లు ప్రశాంతమైన దారి.

అద్దె ఇల్లయి, గోడ ముట్టుకోకూడదంటే పవర్‌లైన్ జత ఒకటి తెచ్చి చూడవచ్చు, నచ్చకపోతే తిరిగిచ్చే వీలున్న చోట. పరీక్షించేటప్పుడు ఇంటర్నెట్ వేగం కొలిచే సైట్లను నమ్ముకోకండి, అవి బయటి దారిని కూడా కలిపి కొలుస్తాయి. ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఇంట్లోనే రెండు కంప్యూటర్ల మధ్య కొలవండి. ఫ్యాన్లు, దీపాలు, చార్జర్లు అన్నీ నడుస్తుండగా ఒకసారి, అన్నీ ఆపేసి ఇంకోసారి. గదిలో రెండు సాకెట్లుంటే రెండింటిలోనూ చూడండి. అవి ఒకే గోడ మీద ఉన్నా బోర్డులో వేర్వేరు లైన్లకు చెందినవై ఉండవచ్చు. ఒకదానిలో ఈడ్చుకుంటూ నడిచిన అడాప్టరే రెండోదానిలో పరుగు అందుకోవచ్చు. బల్ల ఏ మూల వేయాలో ఆ తర్వాతే తేల్చుకోండి.