గీతకు హెచ్ ఎందుకు?

మా అక్క మనవరాలు డల్లాస్‌లో పుట్టింది. పేరు గీత. మొన్న వీడియో కాల్‌లో, "తాతయ్యా, నా పేరులో హెచ్ ఎందుకు పెట్టారు? మా టీచర్ 'థింక్'లో లాగా నాలుక పళ్ల మధ్య పెట్టి పిలుస్తోంది" అంది.

టీచరు తప్పేం లేదు. ఉత్తరాది వాళ్లు గీతకు 'టి' ఒక్కటే రాస్తారు. మనకు ఒట్టి 'టి' అంటే ట. అందుకే తకు హెచ్ తగిలిస్తాం. మరి 'కథ'లో థకు? దానికీ అదే హెచ్! సంస్కృత పండితులకు ఈ తంటా లేదు. 1894లో జెనీవాలో జరిగిన ప్రాచ్యవిద్యా మహాసభ నాటి పద్ధతిలో తకు ఒట్టి 'టి', టకు కింద చుక్క, హెచ్ ఖ, థ, ఫ లాంటి ఒత్తు అక్షరాలకే.

చుక్కల గొడవ చెబితే పిల్ల పారిపోతుంది. ఒత్తంటే ఏంటో చూపిద్దామని, టిష్యూ పేపరు నోటి ముందు పట్టుకుని 'పిన్' అనమన్నాను. పేపరు ఎగిరింది. 'స్పిన్' అనమన్నాను. కదల్లేదు. "మళ్లీ!" అంటూ పది సార్లు ఊదింది.

అసలు కిటుకు ఇదే. పెదవులు విడిపోయాక గొంతులోని స్వరతంత్రులు కంపించడానికి కాస్త వ్యవధి పడుతుంది. ఇంగ్లీషు 'పిన్'లో అది సుమారు 60 మిల్లీసెకన్లు. ఆ సందులో గాలి బుస్సున పోతుంది. 'స్పిన్'లోనూ, మన పలోనూ ఆ సందు దాదాపు ఉండదు. అంటే ప, ఒత్తు ఫ రెండూ ఇంగ్లీషు వాళ్ల నోట్లో ఉన్నాయి, వేరని వాళ్లకు తెలియదంతే. మనం గాలి వదలకుండా 'పిన్' అంటే వాళ్లకు 'బిన్' అని వినిపించేది అందుకే. వాళ్లకు నిజంగా కష్టం భ, ధ, ఘ: స్వరతంత్రులు కంపిస్తూనే గాలి కూడా వదలాలి.

మనమేం తక్కువ తినలేదు. ఒత్తు పలక్కపోతే మంత్రం బెడిసికొడుతుందని భయపెట్టేవాళ్లే 'ఫలం'లో పెదవులు కలపరు, 'ఫ్యాన్'లో లాగా పళ్లు ఆనిస్తారు.

టీచరుకు చెప్పాల్సింది ఒక్కటే: నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి, గాలి పూర్తిగా ఆపి, మెల్లగా వదలమను.

"హెచ్ తీసేస్తే సరిపోదా తాతయ్యా?"

"మీ ఊళ్లో 'వాటర్'ని ఏమంటారు?"

"వాడర్."

"హెచ్ తీసేస్తే నువ్వు 'గీడా' అవుతావు."