ఇరవై లీటర్ల క్యానులో ఏముంది?

అనంతపురంలో మా వీధి చివర ఒక వాటర్ ప్లాంట్ ఉంది. కొత్తగా ఎవరైనా వెళ్తే అక్కడి అబ్బాయి పెన్నులాంటి మీటరును గ్లాసులో ముంచి చూపిస్తాడు. 'చూడండి సార్, అరవై!' బోరు నీళ్లలో పెడితే తొమ్మిది వందలు దాటుతుంది. ఇంకేం కావాలి, క్యాను ఎత్తుకుని వచ్చేస్తాం.

ఆ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత పారుతోందన్నదే. లవణాలు ఎక్కువైతే ఎక్కువ పారుతుంది. దాన్నిబట్టి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగడుతుంది. ఏ లవణమో దానికి తెలియదు.

మన చిక్కంతా ఫ్లోరైడుతో. కింద ఉన్న గ్రానైటులోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల నుంచి అది నీటిలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడును పట్టి అడుక్కి దించేస్తుంది. కాల్షియం తగ్గి బైకార్బొనేటు పెరిగిన నీళ్లలో మాత్రం కరిగే ఉంటుంది. పప్పు మెత్తగా ఉడికి, సబ్బు బాగా నురగొచ్చే బోరే మంచిదని మా అమ్మ నమ్మకం. అలాంటి నీళ్లలో కాల్షియం తక్కువ, కాబట్టి ఫ్లోరైడు దగ్గర ఆ నమ్మకం తిరగబడొచ్చు!

భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించితే పిల్లల పళ్లకు గార, ఏళ్లు గడిస్తే ఎముకలకు చేటు. కాచి తాగినా లాభం లేదు. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడు మిగులుతుంది.

ప్లాంటులో నీటిని వడకట్టే ఆర్వో పొర ఫ్లోరైడును చాలావరకు ఆపుతుంది. అక్కడిదాకా అరవై మంచి కబురే. కానీ క్లోరిన్ తగిలితే ఆ పొర పాడవుతుందని నీళ్లలోని క్లోరిన్‌ను ముందే తీసేస్తారు. కొళాయి నీళ్లలో క్రిములు పెరగకుండా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కాపలా ఉండాలంటారు. క్యాను నీళ్లకు ఆ కాపలా లేదు. క్రిములను చంపే యూవీ దీపం ఉన్నా, దాని పని నీరు దాన్ని దాటేవరకే.

చట్టం చూసేది ముఖ్యంగా సీలును. 2024 అక్టోబరులో ప్యాకేజీ నీటికి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు. మరుసటి నెలలోనే ఆ నీటిని ప్రమాదం ఎక్కువున్న ఆహారాల్లో చేర్చి, తనిఖీలు పెంచారు. అదంతా సీలు వేసి అమ్మే నీటి సంగతి. మనింటి క్యానులో పైపు పెట్టి నింపే నీళ్లు ఆ లెక్కలో సరిగా ఇమడవు.

మొన్న టార్చి వేసి మా క్యాను మెడలోకి చూశాను. పచ్చటి జిగురు. అనుమానమొచ్చి రెండు హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు తెచ్చాను. నీళ్లలో మలం తాలూకు బ్యాక్టీరియా కలిసి ఉంటే ఇవి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. ఒకదాన్ని ప్లాంటు కొళాయి దగ్గరే నింపాను, రెండోదాన్ని మా క్యానులోంచి. మీటరు రెండింటికీ అరవయ్యే చూపించింది. మర్నాడు సాయంత్రానికి ప్లాంటు సీసా మారలేదు. మాది నల్లబడింది. ప్లాంటు అబ్బాయిని అడుగుదామని బయల్దేరినవాణ్ణి వెనక్కి తిరిగి, బ్రష్షు కోసం వెతికాను.