తడి నిలబెడుతుంది, నీరు పడగొడుతుంది

“గనిలో ఏటవాలుగా తవ్విన మట్టి జారకుండా పైన సిమెంటు పూసేస్తే సరిపోదా?” అని ఒక పాఠకుడు అడిగారు. సరిపోదు. ఒక్కోసారి ఆ పూతే కొంప ముంచుతుంది. ఎందుకో తెలియడానికి గని దాకా వెళ్లనక్కర్లేదు, పళ్లెంలో గుప్పెడు ఇసుక చాలు.

పొడి ఇసుకను మెల్లగా పోయండి. కుప్ప ఎంత పెరిగినా వాలు సుమారు 34 డిగ్రీలు దాటదు. నాలుగు చుక్కలు చిలకరించి అదమండి, అదే ఇసుక గోడలా నిలుస్తుంది. రేణువుల సందుల్లోని సన్నని నీటి పొర తలతన్యతతో వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. ఇప్పుడు చెంబెడు నీళ్లు కుమ్మరించండి. గోడ చతికిలబడుతుంది!

నీరు నూనెలా మట్టిని జారుడుగా చేసిందని చాలామంది అనుకుంటారు. అది కాదు. సందులన్నీ నిండాక నీరు రేణువులను పక్కకు నెడుతూ పై బరువులో కొంత తానే మోస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి నొక్కుకోవడం తగ్గుతుంది, దాంతో ఘర్షణా తగ్గుతుంది. మొత్తం ఒత్తిడిలోంచి నీటి పీడనం తీసేయగా మిగిలిందే లెక్కలోకి వస్తుందన్నది మట్టి బలాన్ని లెక్కగట్టే శాస్త్రానికి పునాది వేసిన ఇంజనీరు కార్ల్ టెర్జాగీ 1920లలో పట్టుకున్న కిటుకు. తరగతిలో ఈ పళ్లెం చూపించకుండా నేరుగా మోర్ వృత్తాలు (ఒత్తిళ్లను లెక్కగట్టే బొమ్మలు) గీయిస్తారు, అదే నా బాధ.

అంకెల్లో చూద్దాం. నీటితో నిండిన మట్టి ఘనపు మీటరుకు దాదాపు 2 టన్నులు, నీరు 1 టన్ను. నీరు వాలు వెంబడి ఊరుతుంటే కిందికి లాగేది 2 టన్నులు, ఘర్షణకు మిగిలేది 1 టన్ను. 34 డిగ్రీల టాంజెంటు, అంటే అడ్డానికి ఎత్తు ఎన్నో వంతన్న నిష్పత్తి, 0.67. ఘర్షణ సగమైంది కనుక అందులో సగం 0.34. అంటే నిలిచే వాలు 19 డిగ్రీలకు పడిపోతుంది.

అందుకే రంధ్రాలు లేని సిమెంటు పూత ప్రమాదం, అది నీటిని లోపలే బంధిస్తుంది. మెట్లుమెట్లుగా తవ్వడం, ఉక్కు కడ్డీలు దిగగొట్టడం అవసరమే. నాకు మాత్రం ముద్దొచ్చేది వాలులోకి దాదాపు అడ్డంగా, లోపలి కొస కాస్త ఎత్తుగా దించే చిల్లుల గొట్టాలు. మోటారు లేదు, కరెంటు లేదు, నీరు తన దారిన తాను బయటికి వస్తుంది. గట్టు పైన కాలువ తవ్వితే వాన నీరు లోపలికి దిగకముందే పక్కకు పోతుంది.

“ఇన్నాళ్లు నిలిచింది, ఇక కదలదు” అన్నది గనుల్లో బలమైన మూఢనమ్మకం. బంకమట్టి విషయంలో నిజం తలకిందులు. తవ్వకంతో భారం తగ్గిన మట్టి స్పాంజిలా ఉబ్బాలని చూస్తుంది, సందుల్లో పీడనం పడిపోతుంది, ఆ పీల్పే కొంతకాలం వాలును కాపాడుతుంది. తర్వాత నీరు మెల్లగా చేరి ఆ బలాన్ని తినేస్తుంది. లండన్ బంకమట్టిలో రైలు మార్గాల కోసం తవ్విన కొన్ని వాలులు దశాబ్దాల తర్వాత జారాయి.

వాన వెలిసిన మర్నాడు వాలు అడుగున గొట్టాల మూతులు చూడాలి. తేటనీరు ధారగా వస్తుంటే గొట్టం పని చేస్తున్నట్టే. చుక్క రాకపోతే పూడిందేమో చూడాలి. బురదనీరు వస్తే లోపలి మట్టే కొట్టుకొస్తున్నట్టు, ముందు కింద పనిచేస్తున్న మనుషులను పైకి పిలవాలి.